నలభై దినాల గీత

— అమ్మమ్మా, గంత పెద్ద ఇల్లు ఇడ్సిపెట్టి ఈ రో హౌస్‌కు రావడానికి నువ్వెట్ల ఒప్పుకున్నవు? అమ్మనడిగితే నవ్వుతది గని చెప్పదు.

నవ్వుతదా మీ అమ్మ? నవ్వని. నవ్వే ముచ్చటనే అది. కని నేను నవ్వులాటకు చేసిన పని కాదు బిడ్డా, నేను ఏది సుత నవ్వులాటకు చెయ్య. కూసో. ఆ ఫోను నా మూతి కాడ పెట్టకు, జెర దూరం పెట్టు. గంత దూరంల రికార్డ్ అయితదా? అయితే సరే. ఫ్యాన్ తక్కువ చెయ్యి, సప్పుడు వస్తది.

ఏందంటే, ఆ ఇల్లు నాకు ఉత్త ఇల్లు కాదు. ఏ.ఎస్. రావు నగర్‌ల మేము జాగ తీసుకున్నప్పుడు అక్కడ ఏమున్నదనుకున్నవు? రాళ్ళు, తుమ్మ చెట్లు. రెండు వందల నలభై గజాలు. కంపెనీల పని చేసెటోళ్ళు ఒకల్ని చూసి ఒకలు కొన్నరు, మీ తాత సుత కొన్నడు. మీ తాత టర్నర్, లేత్ మిషన్ మీద పని. ఎంటిక మందం తేడా వచ్చినా ఆ ముక్క పనికిరాదని పక్కకు పెట్టాలె, అట్లాంటి పని. ముప్పై ఆరేండ్లు చేసిండు. చేత్తోని పట్టుకొని చూసి ఇది ఇంత మందం అని చెప్పెటోడు, అటెన్క కొలిస్తే గంతే ఉండేది.

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రికి దినానికి ఇరవై రూపాలు, కూలామెకు ఎనిమిది. కాదు కాదు, పది. ఎనిమిది మా పెండ్లి అయిన కొత్తల. కూలామెను ఒక్కతినే పెట్టినం, రెండో కూలామె నేను. మీ అమ్మను చీర ఊయలల పండవెట్టి ఇసుక మోసిన, ఇటుకలు తడిపిన. స్లాబ్ ఏసినంక ఇరవై ఒక్క దినాలు, పొద్దుగాల ఒకసారి పొద్దూకి ఒకసారి, బోరింగ్ కాడి నుంచి బిందెలతోని నీళ్ళు తెచ్చి పట్టిన. మేస్త్రి అన్నడు, అమ్మా పది దినాలు చాలు అని. ఇరవై ఒకటని మొదలు చెప్పింది నువ్వే కద, మరి ఇరవై ఒకటే అన్న. గట్ల కట్టిన ఇల్లు అది. కింద ఐదు అర్రలు, మీద రెండు, నాలుగు దిక్కుల ఖాళీ జాగ. ఒక్క దినం సుత పనిమనిషిని పెట్టలే. జరమొచ్చినా ఊడ్సిన, తుడ్సిన. మా కాలనీల ఎవరన్న కొత్త కోడలు వస్తే, వాళ్ళ అత్తలు మా ఇంటికి తోల్కొచ్చి చూపెట్టెటోళ్ళు, ఇగో ఇల్లంటే గిట్లుండాలె అని. వాళ్ళు ఎట్ల చూసెటోళ్ళంటే, మాట్లాడుకుంట మాట్లాడుకుంట కిటికీ చువ్వల మీద ఏలు పెట్టి దుమ్ము చూసెటోళ్ళు. ఒక్కల ఏలుకు సుత అంటలే.

మీ తాత కిందపడ్డది నీకు ఎరికేనాయె. వానకాలం రాకముందే మీది ట్యాంకు కడుగుదామని నిచ్చెన ఎక్కిండు. డెబ్బై ఏడు ఏండ్ల మనిషి. నేను వద్దన్న, ఇనలే. నిచ్చెన జారింది, మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకొని వచ్చి, ఆ కట్టు చెయ్యి ఒళ్ళ పెట్టుకొని కూసొని, షురూ చేసిండు. కాప్రా చెర్వు దిక్కు రో హౌస్‌లు కడ్తున్నరట. ఆయనతోని పని చేసినాయన ఒకడు తీసుకున్నడట. ఇండ్లన్ని ఒక్క వరుసల, గోడకు గోడ. ట్యాంకు కడుగుడు, బయట ఊడ్సుడు అన్ని వాళ్ళే చూసుకుంటరట. కింద హాలు, వంటిల్లు, ఒక అర్ర. మీద ఒక అర్ర, ఎవరన్న వస్తే.

గోడకు గోడ నాకు చెప్తున్నవా అన్న. నేను రాంగోపాల్‌పేట్ల పుట్టిన. మా గల్లీల పక్కింటాయన దగ్గితే మా అమ్మ మా ఇంట్ల నుంచే అల్లం చాయ్ తాగమని చెప్పేది. ఆలుమగలు లొల్లి పెట్టుకుంటే తెల్లారి గల్లీ మొత్తం తీర్పు చెప్పేది. అప్పుడే అనుకున్న, నా ఇల్లంటూ ఉంటే నాలుగు దిక్కుల గాలి ఆడాలె, నా గోడ నాదే కావాలె అని. అది చేసి చూపెట్టిన. ఇప్పుడు డెబ్బై ఏండ్లకు మళ్ళ గోడకు గోడనా?

మీ తాత కొట్లాడడు. అదే నాకు తక్లీఫ్. కొట్లాడితే నేను గెలుస్త. ఆయన ఏం చేస్తడంటే, అన్నం తినుకుంట, "నువ్వు పొద్దుగాల నుంచి ఎన్నిసార్లు వంగినవో లెక్క పెట్టినవా?" అని ఒక్క మాట అని ఇగ పప్పు కలుపుకుంటడు. తెల్లారి మళ్ళ ఒక్క మాట. నెల దినాలు గిట్లనే. ఆఖరికి చూసొస్తే పోయేదేముందిలే అని పోయినం.

పోతే అక్కడ ఏమున్నది? ఇంక కట్టుడు అయిపోలే. గోడలు లేచినయి, స్లాబ్ పడ్డది, కింద అంత కంకర, సెంట్రింగ్ చెక్కలు, వాటికి మొలలు. నా చెప్పు బెల్టు అడుగు పెట్టంగనే తెగింది. వాచ్‌మన్ అమ్మా మొలలున్నయి రావద్దంటడు. చూడకుండ ఎట్ల పోత? మీ తాత ఆయన బూట్లు ఇప్పి నాకిచ్చిండు. కంపెనీ బూట్లు, ముంగట ఇనుప టోపీ ఉండేటియి, రిటైరైనంక సుత అవ్వే తొడుగుతడు. ఆయన మేజోళ్ళ మీద ఒక చెక్క మీద నిలబడ్డడు. నేను ఆ బూట్లేసుకొని లోపలికి పోయిన. పడవలల్ల కాళ్ళు పెట్టినట్టుండె.

బిల్డర్ మనిషి కాగితం తెచ్చిండు, అర్ర గింత, హాలు గింత అని. టేప్ సుత తెచ్చిండు. నేను ముట్టలే. అమ్మేటోని టేప్ మీద నాకు నమ్మకం లేదు. మా నాయిన ఇండ్లకు సున్నం ఏసెటోడు, గోడలన్ని కాలితోనే కొలిచెటోడు, మడిమెకు బొటనేలు ఆనిచ్చి. నాకు అదే అలవాటు. గోడ నుంచి గోడకు అట్లనే కొలిచిన. హాలు పదిహేను, పదకొండు. అర్ర పదకొండు, పది. వంటిల్లు తొమ్మిది, ఎనిమిది. నేను ఐదో తరగతి దాక చదివిన బిడ్డా, లెక్క తప్ప. కాగితం మీద రాసుకొని వచ్చిన.

ఇంటికొచ్చి చెప్పిన మీ తాతకు. ఉత్తగ మాట్లాడుకునుడు వద్దు. ఉండగల్గుతమో లేదో ఉండి చూద్దాం. అయ్యప్ప మాల ఏసుకున్నోళ్ళు మండలం దినాలు నియమం పడ్తరు కద, గట్లనే నలభై దినాలు. మన ఇంట్లనే ఆ ఇంటి కొలతకు గీత గీస్త. ఆ గీతల మధ్యల్నే వండుడు, తినుడు, పండుడు. బయటికి పోవాలంటే దర్వాజ నుంచి గేటు దాక తొవ్వ ఇడుస్త, బాత్రూముకు ఇడుస్త, గంతే. పూజర్రల దేవుండ్లను తెచ్చి హాలుల షెల్ఫ్ మీద పెడ్త. గీత ఎవరు దాటినా ఈ ముచ్చట ఖతం, మళ్ళ జన్మల ఎత్తొద్దు. దాటకుండ నలభై దినాలు నిండితే నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వస్త.

నా మనసుల ఏమనుకున్ననో సుత చెప్తా, దాచుడెందుకు. మీ తాత ఎనుక అర్రల ఆయన సామాన్ ఉండె. ఇనుప ముక్కను బిగించి పట్టే వైసు, చిన్న గ్రైండర్, పెట్టెలు పెట్టెలు స్క్రూలు. పొద్దుగాల చాయ్ తాగినంక అండ్లకు పోతే పన్నెండు దాక బయటికి రాడు. ఆ అర్ర గీతకు అవుతల పెట్టిన. మూడు దినాలల్ల దాటుతడు, ఇగ పీడ పోతది అనుకున్న. నా మీద నాకు అనుమానం లేకుండె. నేను దాట.

శుక్రవారం పొద్దుగాల తానం చేసి, తడి ముగ్గు కలిపి, ఉట్టి కాళ్ళతోని కొలుచుకుంట గీసిన. మనింట్ల చెప్పులేసుకొని ఎవరన్న నడుస్తరా? గీసి లేచి చూస్తే నాకే నమ్మబుద్ధి కాలే. గింతనేనా? ఆ అర్రల మంచం ఒక పక్క గోడకు దోపితే ఇంకో పక్క ఒక్క మనిషి నడ్శే సందు మిగిలింది. బీరువా పెడితే తలుపు సగమే తెరుసుకుంటది, గీత మీది నుంచి పోతది గద మరి. వంటింట్ల నేను పొయ్యి ముంగట నిలబడితే మీ తాత మంచినీళ్ళకు రాలేడు, బయట నిలబడి చెంబు చాపుతడు.

మీ తాత ఆ గీతను చూసిండు. మంచిగ చూసిండు. వంగి ఒక మూల చూసిండు, లేచి ఇంకో మూల చూసిండు. "సరే" అన్నడు. గంతే.

ఇగ ఏం చెప్పాలె ఆ నలభై దినాలు. పక్కింటి సరళ తోటకూర తెచ్చి దర్వాజ గల్మల నిలబడి చూసి, "ఏందక్కా, ఇంట్లనే హద్దులు గీసుకున్నరు, ఈ వయసుల పంపకాలు పెట్టుకున్నరా?" అన్నది. మీ తాత చెప్పిండు, "నా వాటాకు వంటిల్లు రాలేదమ్మా, అందుకే మీ అక్క కాళ్ళు పట్టుకొని ఉంటున్న" అని. కాలనీ అంత తెల్సిపోయింది. నువ్వు సుత వచ్చినవు కద ఒకనాడు, గీత దాటి పూజర్ర దిక్కు పోతుంటే నేను అర్సిన. నువ్వు బెదిరి ఒంటికాలు మీద నిలబడ్డవు. మతికున్నదా?

— ఉన్నది. అమ్మమ్మకు ఏమో అయిందనుకున్న.

అయింది. ఏమయిందో చెప్తా ఇను. మొదటి వారం ఆయనను చూస్తున్న, ఎప్పుడు దాటుతడా అని. ఆయన దాటలే. చాయ్ తాగి ఎనుక అర్ర దిక్కు ఒకసారి చూసి, పేపర్ పట్టుకొని కూసునెటోడు. ఆరడుగుల మనిషి, ఆ సందుల నుంచి మంచం మీదికి పోవాలంటే పక్కకు తిరిగి పోవాలె. కాళ్ళు ముడ్సుకొని పండెటోడు. పొద్దుగాల లేస్తే నడుము పట్టుకొని జెర సేపు గోడకు ఆనుకొని నిలబడి, అటెన్క నడ్శెటోడు. నేను అడిగితే ఏం లేదు అనెటోడు.

పరేషాన్ అయింది నేను బిడ్డా. ఎందుకంటే నా పని ఎనిమిది గంటలకు అయిపోయేది. ఊడ్సుడు అయిపోయె, తుడ్సుడు అయిపోయె, వంట అయిపోయె, బోళ్ళు అయిపోయె. చూస్తే ఎనిమిది. ఇగ ఏం చెయ్యాలె? నాకు కూసునుడు రాదు. నా పెండ్లి అయినకాడి నుంచి పొద్దుగాల నేను కూసున్నది లేదు. కుర్సీల కూసుంటే ఎవరి ఇంటికో వచ్చి కూసున్నట్టుండె.

దాన్ని మించిన తక్లీఫ్ ఇంకోటి. గీతకు ఇవుతల తళతళ మెరుస్తుండె, అవుతల దుమ్ము పడుతుండె. మా రోడ్డు ముంగట పైపుల కోసం తవ్విండ్రు, ఆ ఏడు వానలు సుత ఎనుకవడ్డయి, గాలికి అంత ఎర్రగ వచ్చి పడేది. నేను గీత కాడ నిలబడి చూస్తుంటి. చీపురు నా చేతుల ఉంది, దుమ్ము నా ముంగట మూరెడు దూరంల ఉంది. చెయ్యి చాపి ఊడ్వచ్చు కద అంటవు. చెయ్యి దాటితే గీత దాటినట్టే. నేను నియమం పెట్టుకున్న, నాకు ఒక తీరు, ఇంకొకలకు ఒక తీరు ఉండదు. పన్నెండో దినం వరకు ఆ దుమ్ము మీద పేరు రాయొచ్చు, గంత పేరుకుంది. ఇరవయ్యో దినం సరళ వాళ్ళ పిల్లి అవుతల నడ్శిపోతే దాని కాళ్ళ గుర్తులు వరుసగ పడ్డయి. అవి చూసుకుంట కూసున్న. ఏమయింది? ఏం కాలే. ఆ అర్రల దుమ్ము ఉన్నది, నేను ఉన్న. ఇల్లు కూలలే. ఎవ్వరు సుత వచ్చి ఏలు పెట్టి చూడలే. చూసెటోళ్ళంత ఎప్పుడో పోయిండ్రు, కొందరు పైకి పోయిండ్రు, కొందరు పిల్లల కాడికి పోయిండ్రు. నేను ఇన్నేండ్లు ఎవరి ఏలు కోసం తుడుస్తున్ననో నాకే సమజ్ కాలే.

అది చెప్పడానికి జెర సిగ్గనిపిస్తది, కని చెప్తున్న.

అటెన్క కూసునుడు జెర జెర అలవాటైంది. చిన్న జాగ కద, ఇద్దరం ఎదురెదురుగ కూసుంటే మోకాలుకు మోకాలు తగుల్తది. ఇగ మాట్లాడకుంట ఎట్ల ఉంటం? మీ తాత కంపెనీ ముచ్చట్లు చెప్పిండు. ముప్పై ఆరేండ్లల్ల ఆయన ఏం పని చేసిండో నాకు నిజంగ అప్పుడే తెల్సింది. డబ్బా కట్టి ఇచ్చుడు తప్ప నేను ఏనాడు అడగలే. ఒకసారి ఒక పెద్ద సారు కొలత తప్పు ఇస్తే, మీ తాత అది తప్పని ఎరికుండి సుత చేసిచ్చి, పక్కన సరైన ముక్క ఇంకోటి చేసి పెట్టుకున్నడట. సారు తల పట్టుకున్నప్పుడు జేబుల నుంచి తీసిచ్చిండట. మరి ముందే చెప్పొచ్చు కద అంటే, చెప్తే ఆయన ఇనెటోడు కాదు అన్నడు. నేను నవ్విన. నా ముంగటే కూసొని నా కథనే చెప్తుండని నాకేం ఎరుక?

నలభై దినాలు నిండినయి. ఆయన దాటలే, నేను దాటలే. నలభై ఒకటో దినం పొద్దుగాల తడి బట్ట తీసుకొని గీతలన్ని నేనే తుడ్సిన. తుడ్సి, చెయ్యి కడుక్కొని వచ్చి, "పోయి అడ్వాన్స్ ఇచ్చి రా" అన్న. మాట మాటే. ఏడ్పు రాలేదా అంటే రాలే. మాటిచ్చినంక ఏడ్సుడేంది?

ఆర్నెల్లు పట్టింది ఆ ఇల్లు అయ్యేసరికి. ఈ ఆర్నెల్లల్ల మన ఇంటికి కొనేటోళ్ళు దొరికిండ్రు, ఇద్దరు ఆలుమగలు, బ్యాంకుల నౌకరి. అగ్రిమెంట్ రాసుకునేది తెల్లారి అనంగ, ఇక్కడ చూసుకొని రమ్మని ఈ ఇంటి తాళాలిచ్చిండ్రు. వచ్చినం. బండలు ఏసిండ్రు, రంగు ఏసిండ్రు. గల్మ బయట చెప్పులిడ్సి, దండం పెట్టుకొని, కుడికాలు పెట్టి లోపలికి వచ్చిన. బీరువా ఎక్కడ పెట్టాల్నో చూద్దామని ఈ అర్రల అలవాటు కొద్ది కాలితోని కొలిచిన. పదకొండు రావాలె. పదిహేను వచ్చినయి.

లెక్క తప్పిన అనుకున్న. మళ్ళ కొలిచిన. పదిహేను. ఇంకో దిక్కు పది రావాలె, పదమూడు దాటింది. బిల్డర్ మనిషిని పిల్చి, గోడ ఏమన్న జరిపిండ్రా అనడిగిన. ఆయన నన్నొక తీరు చూసి, గోడ ఎట్ల జరుగుతదమ్మా అన్నడు. నేను నా కాళ్ళ దిక్కు చూసుకున్న. ఉట్టి కాళ్ళు. అప్పుడు తట్టింది. ఆనాడు కొలిచింది బూట్లతోని, ఇంట్ల గీసింది ఉట్టి కాళ్ళతోని.

తల ఎత్తి చూస్తే మీ తాత మీద ఫ్యాన్ కొక్కెం దిక్కు చూస్తుండు. ఫ్యాన్ లేదు ఏం లేదు, ఉత్త కొక్కెం. గంత సేపు కొక్కెంల ఏముంటది చూడనీకె?

"నీకెరికేనా?" అన్న.

"మొదటి దినమే ఎరికె."

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఏం చేస్తవు? నా బూట్లేసుకొని మనింట్ల నడుస్తవా?"

నాకు నవ్వు రాలే. కోపమొచ్చింది. నలభై దినాలు ఒక మనిషి నా ముంగట కూసొని, మోకాలుకు మోకాలు ఆనిచ్చి, ఎరికున్న ముచ్చట కడుపుల పెట్టుకున్నడు. అబద్ధమాడినవు అన్న. నేను ఆడలే, నువ్వు అడగలే అన్నడు. అడగకుంటే చెప్పకపోవుడు సుత అబద్ధమే అన్న. బయటికొచ్చి మెట్ల మీద కూసున్న.

అప్పుడు నా చేతుల ఏమున్నదో నీకు సమజ్ అయితుందా? అగ్రిమెంట్ ఇంక కాలే. తప్పు కొలత మీద ఇచ్చిన మాట మాటెట్ల అయితది? నేను వద్దంటే వద్దు. అడ్వాన్స్ పోతే పోతది, నా ఇల్లు నాకు ఉంటది. లేచి ఆ మాట అనాలె, గంతే. మీ తాత సుత ఎదురు చెప్పకపోయేది. నా పక్కకొచ్చి ఒక మెట్టు కింద కూసున్నడు. కూసొని మెల్లగ అన్నడు, "నువ్వు ఓడిపోతే ఒప్పుకోవు. నీ నియమం నువ్వు గెలిస్తేనే ఒప్పుకుంటవు. అందుకే గెలువనిచ్చిన."

అని, మెట్టు మీది సున్నం మరకను గోటితోని గీక్కుంట కూసున్నడు.

నాకు మా నాయిన మతికొచ్చిండు. ఒకసారి ఒక పెద్దింట్ల గోడలు కొలిచి, సున్నం గింత పడ్తదని చెప్పి బేరం మాట్లాడుకున్నడు. సగంల సున్నం అయిపోయింది. ఆ ఇంటాయన మంచోడు, ఏం ఫికర్ లేదు నేను తెప్పిస్త అన్నడు. మా నాయిన ఒప్పుకోలే. కొలిచింది నేను, నేనే తెస్త అని తెచ్చి ఏసిండు. ఆ నెల మా ఇంట్ల జొన్న గట్కనే తిన్నం, అన్నం లేదు. మా అమ్మ తిట్టలే.

ఇప్పుడు కొలిచింది ఎవరు? నేను. గీసింది ఎవరు? నేను. నా తప్పును పట్టుకొని నా మాట నుంచి నేనే జారుకుంటనా? ఇంకోటి ఏందంటే, ఆయన దిక్కు చూసిన. ఇది సరైన కొలతనే అనుకొని నేను ఉన్న. తప్పు అని ఎరికుండి ఆయన ఉన్నడు. ఒక్క మాట అంటే కాళ్ళు చాపుకొని పండుకునెటోడు. అనలే. నియమం నాకొక్కదానికే వస్తదనుకున్న ఇన్ని దినాలు. నాకంటే కఠినమైన మనిషి నా ఇంట్ల యాభై ఏండ్ల నుంచి ఉండి, పప్పు కలుపుకుంట కూసున్నడు. నాకు గర్వమనిపించింది బిడ్డా. గర్వం మంచిది కాదంటరు, నేను సుత మీ అమ్మకు అట్లనే చెప్పి పెంచిన. కని ఆనాడు ఆ మెట్ల మీద నా మొగని మీద నాకు గర్వమైంది. అది ఆయనకు చెప్పలే. నువ్వు సుత చెప్పకు.

"లే, పోదాం. పొద్దుగాల కాగితాలున్నయి" అన్న.

అయిపోలే, ఇను. తెల్లారి అగ్రిమెంట్‌కు ఆ ఆలుమగలు వచ్చిండ్రు, బ్రోకర్ వచ్చిండు, మీ అమ్మ సుత వచ్చింది. ఇప్పుడు మన ఇంట్ల ఒకటి ఉండె. మీది అర్రల పడమటి గోడకు వానకాలం చెమ్మ వస్తది. లోపల ఎక్కడనో వాన నీళ్ళ పైపు పలిగింది, నాలుగుసార్లు చేపిచ్చినా పోలే. ఎండకాలం చూసిండ్రు వాళ్ళు, గోడ ఎండి మంచిగ ఉన్నది, రంగు ఏపిచ్చినం. బ్రోకర్ ముందే చెప్పి పెట్టిండు, అమ్మా మీరేం మాట్లాడకుండ్రి అని. మీ అమ్మ సుత చెవుల చెప్పింది, "అమ్మా, వాళ్ళు అడిగితే చెప్పు, లేకుంటే ఊకో" అని.

ఆ పిల్ల పెన్ను పట్టుకున్నది సంతకానికి. నేను ఒక దినం ముందు ఇంత లొల్లి చేసి వచ్చిన, అడగకుంటే చెప్పకపోవుడు సుత అబద్ధమే అని. ఎవరితోని అన్న? కట్టుకున్నోనితోని. అది ఆయనకే వర్తిస్తదా, నాకు వర్తించదా?

"ఆగు బిడ్డా" అన్న. "మీద పడమటి గోడకు వానకాలం చెమ్మ వస్తది. నాలుగుసార్లు చేపిచ్చినం, పోలే. చూసుకొని సంతకం పెట్టు."

బ్రోకర్ మొఖం చూడాలె నువ్వు. మీ అమ్మ నుదురు పట్టుకున్నది. ఆ పిల్ల పెన్ను కింద పెట్టి మొగని దిక్కు చూసింది, ఇద్దరు బయట వరండల నిలబడి మాట్లాడుకున్నరు. జెర సేపు కాదు, మస్తు సేపు. నాకు లోపల అయిపోయిందనిపించింది. వీళ్ళు పోతే ఆ ఇంటి బేరం పోతది, ఈ ఇల్లు పోతది, అడ్వాన్స్ పోతది. మీ తాత నా పక్కన కూసొని మెల్లగ, నాకొక్కదానికే ఇనపడేటట్టు, "నేను నలభై దినాలు నోరు మూసుకున్న, నువ్వు నాలుగు నిమిషాలు మూసుకోకపోతివి" అన్నడు. నేను ఆయన దిక్కు చూస్తే నవ్వుతుండు. ఇల్లు పోయేటట్టున్నది, ఆయన నవ్వుతుండు. నాకు సుత వచ్చింది నవ్వు. ఇద్దరం గట్లనే, పిల్లల లెక్క, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకొని. అదే మీ అమ్మ చూసింది. అందుకే అడిగితే నవ్వుతది.

వాళ్ళు లోపలికి వచ్చిండ్రు. ధర తగ్గించమన్నరు, తగ్గించినం. ఎంతనో అడగకు, అది అయిపోయిన ముచ్చట. ఆ పిల్ల సంతకం పెట్టి, లేచి నా కాడికి వచ్చి అన్నది, "ఆంటీ, మేము పదకొండు ఇండ్లు చూసినం. ఇంటి ఐబు చెప్పింది మీరొక్కరే. మిగతావన్ని మీరు ఎట్ల పెట్టుకున్నరో చూడకుండనే నమ్ముతున్న." ఆ మాటకు ఇగ నాకేం కావాలె? కిటికీ చువ్వ మీద ఏలు పెట్టకుండ నమ్మిన మొదటి మనిషి ఆ పిల్ల. తాళాలు ఇచ్చే దినం ఇల్లంత, మీది నుంచి కింది దాక, ఒక్కదాన్నే ఊడ్సి తుడ్సి ఇచ్చిన. మీ తాత వద్దన్నడు. ఇది ఆఖరుసారి, నన్ను ఆపకు అన్న.

ఇప్పుడు ఇక్కడ మంచిగనే ఉన్నది. పక్కింటోళ్ళ కుక్కర్ సీటీలు ఇనపడ్తయి, వాళ్ళకు మావి ఇనపడ్తయి. నిన్న ఆమె గోడ అవుతల నుంచి కొట్టి, ఆంటీ మీ పప్పు మాడుతున్నట్టున్నది వాసన వస్తుంది అన్నది. నిజమే, మాడింది. నేను మీ తాతతోని ముచ్చట పెట్టుకుంట మర్చిపోయిన. నా చేతుల పప్పు మాడుడు... ఎప్పుడన్న ఇన్నవా?

ఏందట్ల చూస్తవు? నువ్వు ఈ ముచ్చట ఎందుకు అడుగుతున్నవో నాకు ఎరికె. నువ్వు, మీ ఆయన ఫ్లాట్ చూస్తున్నరట, ఇద్దరికి పొత్తు కుదురుతలేదట, మీ అమ్మ చెప్పింది. పెద్దది తీసుకో, చిన్నది తీసుకో, నేను చెప్ప. మీరిద్దరు ఉండేది. కని ఆ పిలగాడు చప్పుడు చెయ్యకుండ కూసున్నప్పుడు, ఊకున్నడని అనుకోకు. ఒకసారి అడుగు. అడిగినంక చెప్పేదాక ఆగు. నేను యాభై ఏండ్లు అడగలే.

దా, ఇటు రా. నెత్తి వంచు. సల్లగుండు బిడ్డా, నువ్వు, నీ మొగడు. నిజం చెప్పి నష్టపోయినా నవ్వేటంత ధైర్యం మీ ఇద్దరికి ఉండని... ఆ, ఇగ ఆ ఫోను బంద్ చెయ్యి. తిని పోదువు గని, చేతులు కడుక్కో. మీ తాతను పిలువు, మీద వైసు కాడ ఉన్నడు, చెవులల్ల ఏం పడ్తలేదు ఈ నడ్మ, జెర గట్టిగ పిలువు...